బొట్టు లేని ఫ్లాపీ

దసరా మరునాడు పొద్దున నేను ఎల్లస్వామి దుకాణం మెట్లెక్కేసరికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అమరేందర్ నాకంటె ముందే అక్కడ కూర్చుని ఉన్నాడు. అతడు ఎప్పుడూ నాకంటె ముందే ఉంటాడు. నల్లగొండ కాలేజీలో ఒకే బెంచీ మీద చదివాం. ఎస్సై పరీక్ష కలిసే రాశాం. అతనికి భుజం మీద నక్షత్రాలు వచ్చాయి. నాకు బీమా కంపెనీల తరఫున కాలిన దుకాణాలనూ చచ్చిన బర్రెలనూ విచారించే పని దొరికింది. దానికే 'రఘుపతి, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు రాయించుకున్నాను. అతన్ని చూసినప్పుడల్లా నాలో ఎక్కడో ఒక తలుపు మూసుకుంటుంది. ఆ చప్పుడు ఇంకెవరికీ వినిపించదు గనుక నన్ను అందరూ శాంతస్వభావుడంటారు.

"రావయ్య ఫిలాసఫర్," అన్నాడు అమరేందర్. "ఈడ బర్రెలేం చావలే. నిన్నెవరు పిలిశిన్రు?"

"నేనే పిలిచిన సార్," అన్నాడు ఎల్లస్వామి, దుకాణం యజమాని. అతని మొహం రాత్రంతా జ్వరం పడ్డవాడిలా ఉంది. "నాది పోయింది పోనీ. ఆ పిల్లను ఠాణాకు తీస్కపోతమంటున్నరు. నా దుకాణంల పనిచేసే ఆడపిల్ల. నా మనసొప్పలే."

ఆ పిల్ల హసీనా. గోడవార స్టూలు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇరవయ్యైదు దాటి ఉండవు.

జరిగింది ఎల్లస్వామి చెప్పాడు. ఏడాదిగా అతని డీటీపీ సెంటర్లో ఒక పుస్తకం తయారవుతున్నది. అది కాగితం మీద అచ్చయ్యే పుస్తకం కాదు. కంప్యూటర్లో తెరిచి చదువుకునే పుస్తకం; సీడీ మీద వస్తుంది. తొంభైతొమ్మిదిలో మా జిల్లాకు ఆ మాటే కొత్త. పోచంపల్లి చిటికి నేత గురించి, అంటే నూలును ముందే ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత మగ్గమెక్కించే పని గురించి రాసిన పుస్తకం. బొమ్మను తాకితే నేతగాని గొంతు వినిపిస్తుంది. బొమ్మలూ గొంతులూ ముందే హైదరాబాదు చేరాయి. మిగిలింది రాత. తొమ్మిది అధ్యాయాలు, అధ్యాయానికొక ఫ్లాపీ. అవి ఈ పొద్దున మొదటి బస్సుకు పోవాలి. ఆవిష్కరణకు కలెక్టరు వస్తానన్నాడు.

పంపే ముందు చివరిసారి చూసుకుందామని హసీనా ఫ్లాపీలు పెట్టి చూసింది. తొమ్మిదీ ఖాళీ. కంప్యూటర్లో పుస్తకం ఉన్న భాగం కూడా ఖాళీ. కాగితం ఖర్చని తుదిమెరుగులన్నీ తెర మీదనే దిద్దారు గనుక దిద్దిన ప్రతి ఇంకెక్కడా లేదు. రచయిత ఇంట్లో ఆయన మొదట రాసిన చేతిరాత ప్రతి మాత్రం ఉంది.

రచయిత దశరథం సార్. నాకూ అమరేందర్‌కూ కాలేజీలో తెలుగు చెప్పినాయన. పాఠం మధ్యలో ఎవరైనా మంచి వాక్యం రాస్తే లేచి నిలబెట్టి చదివించేవాడు. నన్ను ఎన్నడూ నిలబెట్టలేదు.

"సార్‌కు చెప్పిన్రా?" అని అడిగాను.

"మనిషిని పంపిన. ఇంట్ల లేడట," అన్నాడు అమరేందర్. "పెద్దమనిషి. ఏడాది కష్టం. ఎట్ల తట్టుకుంటడో." తర్వాత వేలు మడిచాడు. "విను. ఈ వీధి తలుపుకు తాళంచెవులు రెండే. ఒకటి ఎల్లస్వామి కాడ, ఒకటి ఈమె కాడ. తాళం పగలలే. దసరా ముందునాడు మాపటికి ఆఖరున పనిజేసి తాళమేసింది ఈమెనే. మూడు దినాల కింద సార్‌తోని కొట్లాడింది. అడుగు, అబద్ధమైతె చెప్పమను."

హసీనా తల ఎత్తింది. "కొట్లాట గాదు. అడిగిన. పరిష్కరించింది హసీనా అని లోపల్నన్న ఒక్క ముక్క వేయుమన్న."

"ఏమన్నడు?"

"చీరె నేసినోని పేరు చెప్తరు గాని, ఇస్త్రీ చేసినోని పేరు ఎవరన్న చెప్తరా అన్నడు."

"కోపమొచ్చిందా?"

"ముందు ఏడుపొచ్చింది. కోపం ఇంటికి పోయినంక వచ్చింది."

"ఇంతకూ మీరు చేసిన పనేమిటి? అక్షరదోషాలు దిద్దడమా?"

ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. "సార్ వాక్యం మా పోచంపల్లి బస్సు లెక్క ఉంటది. దారిల కనవడ్డ అందర్ని ఎక్కించుకుంటది, టాపు మీద గూడ. నేను కొందర్ని దించిన. కొందరికి సీటు చూపించిన. బస్సు సార్‌దే." నవ్వు ఆగిపోయింది. "మా నాయిన ఖుద్దూస్‌ది సైకిల్ దుకాణం. చిటికి కట్టే రబ్బరు పట్టీలు ఆయన కోసిస్తడు, పాత ట్యూబులల్ల నుంచి. చీరె అయినంక ఆ పట్టీలు ఎవ్వరికి కనవడవు. నాకు ఎరికే సార్ గా సంగతి. అయినా అడిగిన."

"అడిగితె ఇయ్యలే. అందుకే తుడిశినవ్," అన్నాడు అమరేందర్.

"నేను తుడిస్తె నాదే పోతది గద సార్. ఆయనది ఆయన ఇంట్ల భద్రంగనే ఉండె."

నాకది బలమైన మాట అనిపించింది. అమరేందర్‌కు అనిపించలేదు. "కోపంల మనిషి సొంత గుడిసెకే అగ్గి వెడ్తడమ్మా. శాన జూసిన," అన్నాడు, నొచ్చుకుంటున్నట్టుగానే. అతడు మూర్ఖుడు కాడు. అదే నాకు కష్టం. అతని మాటలో నిజం ఉండవచ్చునని తోచగానే నాకు కలిగింది విచారం కాదు, చిరాకు. ఆమె నిర్దోషి కావాలని కోరుకుంటున్నానా, అతడు పొరబడాలని కోరుకుంటున్నానా? ఈ రెండు కోరికలూ ఒకే దుస్తులు వేసుకుని తిరుగుతాయి. ముఖాలు చూడాలంటే ఆగి వెనక్కి తిరగాలి. అప్పుడు తీరిక లేదు. గది చూడటం మొదలుపెట్టాను.

ఆ దుకాణం ఎల్లస్వామి ఇంటి ముందుగదే. వెనుక గోడకు ఇంట్లోకి తలుపు. బల్ల మీద కంప్యూటర్. నిన్నటి ఆయుధపూజ ఇంకా దాని ఒంటి మీదే ఉంది. తెర నుదుటన మూడు పసుపు గీతలు, కీబోర్డు మీద బంతిపూల రెక్కలు, సీపీయూ నెత్తిన గుప్పెడు జమ్మి ఆకు. పక్కన ఇత్తడి పళ్లెంలో తొమ్మిది ఫ్లాపీలు. వాటికీ బొట్లు పెట్టారు. తడి పసుపు అద్ది, మీద కుంకుమ. ఎండి, సగం రాలి, డ్రైవులోకి పోయివచ్చిన గీతలు పడి ఉన్నాయి. అయినా పచ్చటి మరక పోలేదు.

ఒక్కదానికి తప్ప.

అంకె చూశాను. ఆరు. చీటీ శుభ్రంగా ఉంది. దానికి బొట్టు రాలిపోలేదు, అసలు పెట్టలేదు.

"అమరేందర్, ఇది చూడు."

చూశాడు. "ముసలమ్మ మర్శిపోయుంటది."

"ఎవరు మర్శిపోయేది?" అంటూ వెనుక తలుపులోంచి సోమమ్మ వచ్చింది. ఎల్లస్వామి తల్లి. పోలీసును చూసి కొంగు సర్దుకుంది గాని గొంతు తగ్గించలేదు. "పేరంటంల ఎనిమిది మందికి బొట్టువెట్టి తొమ్మిదోదాన్ని ఇడిశిపెడ్తే ఆమె మళ్ల మన గడప తొక్కుతదా సారూ? నా సేతితోని ఒక్కొక్కదానికి పెట్టిన. తొమ్మిది. గిదేదో నేను పెట్టినది గాదు. వేరేది."

నేను ఆరో ఫ్లాపీని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను.

"అంటే అసలు ఆరోదాన్ని ఎవరో తీసుకుపోయి, దాని జాగాలో ఖాళీది పెట్టారు," అన్నాను. "అది పూజ అయిన తర్వాత. హసీనా తాళమేసింది పూజకు ముందునాడు. నీ లెక్క ఒక రోజు తప్పింది."

అమరేందర్ దవడ కదిలింది. ఆ కదలికను నేను నీళ్లలా తాగాను. తాగుతున్నానని తెలిసే తాగాను.

"పూజ తర్వాత ఈ గదిలోకి ఎవరొచ్చిన్రు అవ్వా?"

"ఎవ్వరు రాలే బిడ్డా. వీధి తలుపు తెరవనేలే."

"వెనుక తలుపు?"

"అది తెరిచే ఉండె. జమ్మి పెట్టనీకి పోయిన్రు అంతే."

"ఎవరు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "జమ్మికి అందరొస్తరు. చెట్టు కాడికి పోయొచ్చి, పెద్దోళ్ల సేతుల బంగారమని ఆకు వెట్టి, కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీస్కొని, గీ యంత్రం మీద గూడ జరంత పెట్టిపోయిన్రు. అదేం రావుడు? పండుగ."

అమరేందర్ పొద్దుటి నుంచి ఆమెను అడిగింది 'ఎవరన్న వచ్చిన్రా' అని. ఆమె లేదంది. అబద్ధం చెప్పలేదు. జమ్మి పట్టుకుని గడప దాటిన మనిషి ఆమె దృష్టిలో వచ్చినవాడు కాడు.

"పేర్లు యాదికి చేసుకో అవ్వా."

"పక్కింటి మల్లన్న, ఆయిన పెండ్లాం. ఆడికెళ్లి పంతులు సారు, అదే దశరథం సారు. గడియారం స్తంభం కాడి కంప్యూటర్ దుకాణం ఆజం గూడ వచ్చిండు, పండుగనాడు పగలేందని. గీ పిల్ల వచ్చింది, నా కాళ్లకు దండం బెట్టి సకినాలు తిన్నది." కాసేపు ఆలోచించింది. "నడుమల ఒకపారి యంత్రం గుర్రుగుర్రుమన్నది. నేను వంటింట్ల ఉన్న. అమ్మవారు పూజ అందుకున్నదనుకోని దండం బెట్టుకున్న."

నవ్వింది ఎల్లస్వామి ఒక్కడే. అదీ వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు.

అమరేందర్ లేచాడు. "సరే ఫిలాసఫర్. ఫ్లాపీ మారింది. పండుగనాడే మారింది. ఈమె గూడ పండుగనాడు వచ్చిందని అవ్వనే చెప్తాంది. ఎనిమిది తుడిచి ఒకటి దాచుకుంది. రేపు ఆ ఒక్కటి ముందల పెట్టి, పేరు వేస్తవా లేదా అని బేరమాడుతది. ఈమె అర్ర సోదా చేపిస్త. ఐదింటికి రిపోర్టు కలెక్టరాఫీసుకు పోవాలె. దొరికితె దొరికింది. లేకపోయినా అనుమానితురాలని ఈమె పేరు పోతది."

రిపోర్టులో పేరెక్కితే ఆ ఊళ్లో ఆమెకు ఇంకెవరూ కీబోర్డు ఇవ్వరు. ఖుద్దూస్ దుకాణం ముందు సైకిళ్లు ఆగవు. ఆ సంగతి అమరేందర్‌కు తెలుసు. నాకు తెలుసు. ఆమెకు అందరికంటె బాగా తెలుసు. లేచి చున్నీ సర్దుకుంది.

"ఒక్కమాట," అన్నాను. "ఆరో అధ్యాయంలో ఏముంది?"

"లాల్ బీ కథ సార్. రంగులద్దే ముసలామె. సార్ చిన్నప్పుడు వాళ్లింటి పక్కన ఉండేదట. చేతులు ఎప్పటికి నీలంగనే ఉండేటియట. చచ్చిపోతె ఆడోళ్లు గుసుల్ స్నానం చేపిచ్చిన్రు, ఎన్ని నీళ్లు పోసినా నీలం పోలేదట. అల్లా కాడికి గట్లనే పోనియ్యిండ్రి, పని చేసొచ్చిందని ఆయనకు తెలుస్తది అన్నదట ఒకామె." ఆమె ఆగింది. "శాన మంచిగుంటది సార్ అది."

ఆ గొంతులో గర్వం వినిపించలేదు. అలసట అనుకున్నాను.

వాళ్లు వెళ్లాక ఎల్లస్వామి కుర్చీలో కూలబడ్డాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పగతో చేసినవాడికి తొమ్మిదీ ఒకటే. బేరానికి దాచుకున్నవాడైతే తొమ్మిదీ దాచుకుంటాడు. ఎనిమిదింటిని చంపి ఒక్కదాన్ని ఎత్తుకుపోయినవాడు వాటిని చదివినవాడు. ఒక్కదాని దగ్గర మాత్రం చెయ్యి ఆడనివాడు. ద్వేషం ఇంత ఏరుకోదు.

"ఎల్లస్వామీ, ఆ ఫ్లాపీ తీసుకుపోయినవాడు దాన్ని ఎక్కడ చదువుకోవాలి?"

"ఏడ పడితె ఆడ చదవరాదు సార్. మా తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్ల పెడితె పిచ్చి గీతలు వస్తయి. గీ అక్షరాలు ఊరి మొత్తంల ఇంకొక్క కాడనే ఉన్నయి." అతడు తల పట్టుకున్నాడు. "ఆజం కాడ. హసీనా పని నేర్చుకున్నది ఆడనే."

*

ఆజం దుకాణం గడియారం స్తంభానికి అవతలి పక్క. నేను వెళ్లేసరికి అతడు బల్ల కింద గొంతుక్కూర్చుని స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పడుతున్నాడు. వదులు చొక్కా, నోట్లో పాన్.

"జర ఆగు భాయ్. గీ డ్రైవుల పసుపు పడ్డది. మస్తు పాత డ్రైవు, ఫ్లాపీ ఇరికి కూసుంది. గీ హిందూ పండుగలు నా మిషన్‌కు పడ్తలేవు."

నేను వంగి బల్ల కిందికి చూశాను. "ఎవరిది ఫ్లాపీ?"

"నువ్వెవరు?"

చెప్పాను. అతడు పాన్ ఉమ్మి వచ్చి, తీరిగ్గా కూర్చున్నాడు.

"పొద్దుగాల షట్టర్ లేపంగనే వచ్చిండు. దశరథం పంతులు సారు. ప్రింట్ తీసియ్యి అన్నడు. తీసిన. ఈడనే గా స్టూలు మీద కూసొని చదివిండు. ఏడ్చిండు భాయ్. అంత పెద్దమనిషి, కండ్లద్దాలు తీసి తుడుచుకుంట చదివిండు. నేను చాయ్ తెప్పించిన, తాగలే. ఫ్లాపీ వెళ్తలేదు సార్ అంటె, మాపటికొస్త అని కాగితాలు పట్టుకొని పోయిండు."

"హసీనాను స్టేషన్‌కు తీసుకుపోయారని తెలుసా?"

"ఊరందరికి ఎరికైంది."

"బొట్టు పెట్టిన ఫ్లాపీ నీ దగ్గరే ఉంది. పోలీసులకు చెప్పలేదేం?"

"నన్నెవరడిగిన్రు?" అన్నాడు. తర్వాత నా చూపు తట్టుకోలేక స్క్రూడ్రైవర్ వైపు చూశాడు. "నిజం జెప్త. గా పిల్లకు కీ మీద వేలు ఎట్ల పెట్టాల్నో నేను నేర్పిన. నా కాడ పెండ్లికార్డులు కొట్టేది. ఎల్లస్వామి కాడికి పోయింది, సీడీ పుస్తకమంటాంది, కలెక్టరంటాంది. నేను ఇంక పెండ్లికార్డులే కొడ్తున్న. రెండు దినాలు ఠాణాల కూసుంటె ఏమైతది, మళ్ల నా కాడికే వస్తదేమో అనుకున్న. గలీజ్ ఆలోచనే. అయినా వచ్చింది గద, ఏం జేయమంటవ్."

నేనేం చెయ్యమనను? నా ఆలోచనలు అతని వాటికంటె శుభ్రమైనవేమీ కావు. మంచి భాషలో వస్తాయి, అంతే.

అతడు డ్రైవును మొత్తంగా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. లోపల ఇరుక్కున్న ఫ్లాపీ అంచు కనిపిస్తున్నది. దాని మీద సోమమ్మ పెట్టిన పసుపు, కుంకుమ.

*

దశరథం సార్ ఇంటి తలుపు తీసే ఉంది. ఆయన వాలుకుర్చీలో ఉన్నాడు. ఒళ్లో కాగితాలు. నేను డ్రైవును ఆయన ముందున్న పీట మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి, చదువుతున్న పుట పూర్తి చేసి, అప్పుడు తల ఎత్తాడు.

"నువ్వా రఘుపతీ. అమరేందర్ వస్తడనుకున్న."

ఇక్కడా అతడే ముందు. "ఎందుకు సార్?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"ఎందుకంటే ఏం చెప్పాలె." ఆయన కళ్లద్దాలు తీశాడు. "ముప్పయ్యేండ్లు వేరేవాళ్ల వాక్యాలు దిద్దిన. నా వాక్యం ఒక్కరు దిద్దలే. ఆ పిల్ల మొదటి అధ్యాయం దిద్దిచ్చింది. నాకంటె మంచిగుంది. రెండోది, ఇంకా మంచిగుంది. పైకి ఏమో కామాలు మార్చినవమ్మా, బాగుంది అన్న. ఇంటికొచ్చి అన్నం తినలే. పండుగ ముందర మొత్తం ఒక్కసారి తెర మీద చదివిన. ఆరోదానికాడ ఊపిరాడలే. నా గొంతే, రఘుపతీ. నా గొంతు లెక్కనే ఉంది. కాని నేను ఎన్నడు అంత మంచిగ మాట్లాడలే. నాలెక్క నాకంటె మంచిగ ఇంకొకరు రాస్తె, నేనెందుకు?"

"పేరు వేయకుండా ఉంటే సరిపోయేది గదా."

"పేరు వేయకపోతే అందరు నన్నే మెచ్చుకుంటరు. ఆ మెప్పు నేనెట్ల తినాలె? పేరు వేస్తె ఆమెను మెచ్చుకుంటరు. అది ఎట్ల చూడాలె?" ఆయన నవ్వబోయాడు. "రెండు దిక్కుల గోడనే. ఎట్ల తుడవాల్నో ఆమెనే నేర్పింది, ఒకనాడు నా సందేహం తీర్చనీకి. జమ్మి పెడ్తున్నట్టు పోయి తుడిచిన. ఆరోదానికాడ చెయ్యి రాలే. జేబుల వేసుకొని, దాని జాగల బల్ల మీది ఖాళీదానికి ఆరని చీటీ అంటించి పెట్టిన."

"ఆమె స్టేషన్లో ఉంది సార్."

"విన్న." ఆయన చూపు కాగితాల మీదికి పోయింది. "ఒక్కరోజు. బెయిలు నేనే ఇప్పిస్త. ఖర్చంత నాదే. నా పేరు బయటికి రాకుండ..."

ఒకప్పుడు ఆయన ఎదుట నిలబడి వాక్యం చదివే భాగ్యం కోసం నేను రాత్రులు మేలుకున్నాను. ఇప్పుడు ఆయన చిన్నవాడిగా కనిపిస్తుంటే సంతోషించాలా వద్దా తెలియలేదు. "సార్," అన్నాను, "అమరేందర్ పొరబడ్డాడని తేలాలని నేను పొద్దుటి నుంచి ఆశపడుతున్న. మీరు ఇప్పుడు లేచి వస్తే నాకు అతని ముందర గెలిచిన సంతోషం దొరుకుతది. దానికోసమే వచ్చిననేమో గూడ. నేను ఎందుకొచ్చిననేది పక్కన పెట్టండి. ఐదుకు ముందు మీరు రావాలె."

ఆయన కాగితాలు మడిచి పట్టుకుని లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

*

స్టేషన్లో రిపోర్టు టైపు అయి, సంతకానికి అమరేందర్ ముందు ఉంది. సోదాలో ఏమీ దొరకలేదట. నేను డ్రైవును బల్ల మీద పెట్టాను. ఏదైనా అనాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. పసుపు చూసి, వెనుక దశరథం సార్‌ను చూసి, అమరేందర్ లేచి నిలబడ్డాడు. విద్యార్థి గురువు ముందు నిలబడినట్టే నిలబడ్డాడు. నేను కూర్చుకున్న మాటలు ఎందుకూ పనికిరాలేదు.

"నువ్వు కూసో అమరేందర్," అన్నాడు సార్. "తుడిచింది నేను. ఆ అమ్మాయి కాదు."

అమరేందర్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతడు టైపు కాగితాన్ని మెల్లగా రెండుగా చింపాడు. "హసీనా, ఇట్ల రామ్మా," అని పిలిచాడు.

ఆమె లోపలి గదిలోంచి వచ్చింది. దశరథం సార్ కాగితాలు రెండు చేతులా పట్టుకుని ముందుకు చాచాడు.

"ఎనిమిది చంపిన బిడ్డా. ఇదొక్కటే మిగిలింది. దీన్ని నీ పేరు మీదనే వేయించుకో. నేను అడ్డం రాను. ఇది నీది."

ఆమె కాగితాలు అందుకుంది. మొదటి పుట చూసింది. రెండో పుట తిప్పలేదు.

"సార్, ఇది నాది గాదు."

"నాకు సంజాయిషీ వద్దమ్మా. తెలుసు నాకు."

"మీకు తెల్వదు సార్. ఆరో అధ్యాయంల నేను ఒక్క అక్షరం ముట్టలే." ఆమె గొంతు చాలా తగ్గింది. "రెండు దినాలు ముందల పెట్టుకొని కూసున్న. ఏడ పట్టుకోవాల్నో దొరకలే. మీ చేతిరాతల ఎట్లుంటె అట్లనే టైపు చేసిన. అండాలమ్మ దవాఖానల ఉన్నప్పుడు, మంచం పక్కన కూసొని రాసిన్రట గద, నేను చూడవోయిననాడు అమ్మనే చెప్పింది. రాసినంక మీరు మళ్ల తీసి చూసుకోలేదేమో."

అండాలమ్మ ఆయన భార్య. దవాఖాన నుంచి తిరిగి రాలేదు.

ఆయన ఆమె చేతిలోని కాగితాల వైపు చూశాడు.

"నాకు ఎంత కుళ్లు పుట్టిందో మీకేం తెలుసు సార్," అంది హసీనా. "గిసొంటిది నేను పుట్టి బుద్ధెరిగి రాయలేననుకున్న. మిగిలిన ఎనిమిదిట్ల ఇంత మంచిగ ఎందుకు లేదని మీ మీద కోపమొచ్చింది. అవి దీని పక్కన నిలవడాలని ఏడాది దిద్దిన. అంతే నేను చేసింది."

సార్ చెయ్యి చాచాడు. ఆమె కాగితాలు తిరిగి ఇచ్చింది. ఆయన వాటిని చదవలేదు. తెలియని ఊళ్లో తన పేరు పెట్టి ఎవరో పిలిస్తే చూసినట్టు చూశాడు. తర్వాత బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

అమరేందర్ కొత్త కాగితం తీసుకుని పెన్ను మూత తీశాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో గెలిచినవాడూ లేడు, ఓడినవాడూ లేడు.

"రాసుడైతె రాయాలె గద సార్," అన్నాడు దశరథం సార్‌తో, చాలా మర్యాదగా. "పోయిన సొత్తు, ఎనిమిది అధ్యాయాలు. ఎవరివని రాయాలె?"

సార్ తల ఎత్తలేదు.

"ఆమెవి," అన్నాడు. "హసీనా అని రాయి. తండ్రి పేరు ఖుద్దూస్."